రెడ్ వైన్ పల్చగా ఉంటే వీక్ అనుకోవాలా? | లియాన్‌లో నేను అన్న ఒక మాట

ముందే ఒక మాట. 21 ఏళ్లు నిండని వాళ్లు ఈ వీడియో ఇక్కడే ఆపేయండి. తాగే అలవాటు లేనివాళ్లు నా మాట విని కొత్తగా మొదలుపెట్టక్కర్లేదు. ఇది ఆల్రెడీ రెడ్ వైన్ తాగుతూ, "లైట్‌గా ఉంది, బాలేదు" అనేవాళ్ల కోసం. ఎందుకంటే నేనూ అదే బ్యాచ్.

చదువు కోసం ఫ్రాన్స్‌లో లియాన్‌లో రెండేళ్లున్నాను. ఇల్లు అద్దెకిచ్చిన పెద్దావిడ ఒక ఆదివారం భోజనానికి పిలిచారు. ఒక సీసా తెరిచారు, లేబుల్ మీద ఫ్లూరీ అని ఉంది. గ్లాసులో పోస్తే అవతల పట్టుకున్న వేళ్లు కనిపిస్తున్నాయి, అంత పల్చటి రంగు. ఒక గుక్క తాగి, "నీళ్లలా ఉంది మేడమ్, ఇంకా స్ట్రాంగ్‌ది లేదా?" అనేశాను. నాకొచ్చిన ఫ్రెంచ్‌లో దాన్ని మెత్తగా చెప్పడం కూడా రాలేదు. ఆవిడ కోప్పడలేదు. సీసాకి బిరడా పెట్టి లోపల పెట్టేశారు, అంతే. ఫ్లూరీ ఆవిడ పుట్టిన ఊరని తర్వాత తెలిసింది. మనింటికి ఎవరో వచ్చి, అమ్మ పెట్టిన చారు తాగి "నీళ్లలా ఉందండీ, సాంబార్ లేదా?" అంటే ఎలా ఉంటుంది? సరిగ్గా అది.

అసలు నేనెందుకలా అన్నాను? రెడ్ వైన్ అంటే నోరు పట్టేయాలి, గొంతులో వేడి పుట్టాలి అని నా లెక్క. ఆ నోరు పట్టేయడం ఉంది చూశారా, దానికి మనకి మంచి మాటే ఉంది, వగరు. ఉగాది పచ్చడిలో మామిడి పిందె ఇచ్చేది, నేరేడు పండు తిన్నాక నాలుక మీద మిగిలేది. వైన్‌లో ఆ వగరు ద్రాక్ష తొక్కల్లోంచి, గింజల్లోంచి వస్తుంది. ఆ పదార్థాల్ని టానిన్లు అంటారు. అవి మన లాలాజలంలోని ప్రోటీన్లకి అతుక్కుంటాయి, దాంతో నోరు పొడిబారినట్టు అనిపిస్తుంది. అంటే నేను "బలం" అనుకున్నదాంట్లో సగం ఉత్త వగరే!

ఫ్లూరీ ఉండేది బోజొలే ప్రాంతంలో. లియాన్ నుంచి ఉత్తరంగా వెళ్తే వస్తుంది. అక్కడ రెడ్ వైన్‌కి వాడే ద్రాక్ష పేరు గామే. ఈ గామేని చిన్నచూపు చూసినవాళ్లలో నేను మొదటివాణ్ణి కాదు లెండి. 1395లో బర్గండీ డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ తన నేలమీద గామే తీగలన్నీ పీకేయమని ఆర్డర్ వేశాడు. దక్షిణాన బోజొలేలో, గ్రానైట్ నేలల్లో మాత్రం అది నిలబడిపోయింది.

తయారీ కూడా వేరే. మామూలుగా ద్రాక్షని చిదిపి, తొక్కలతో సహా పులియబెడతారు. బోజొలేలో ఎక్కువగా గుత్తులు గుత్తులుగానే తొట్టెలో వేస్తారు. బరువుకి అడుగున ఉన్నవి చితికి, ఆ రసం పులుస్తుంది. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తొట్టె అంతా నిండుతుంది. పైనున్న పండ్లకి ఆక్సిజన్ అందదు, దాంతో పండు పగలకుండానే లోపల కొంత చక్కెర ఆల్కహాల్‌గా మారుతుంది. ఘుమఘుమలాడే పండు వాసన అక్కడే పుడుతుంది. తొక్కలు ఎక్కువ రోజులు నానవు కాబట్టి వగరు తక్కువ. టీపొడి రెండు నిమిషాలు మరిగించడానికీ, ఇరవై నిమిషాలు మరిగించడానికీ ఉన్న తేడా అనుకోండి.

ఒక్కటి మాత్రం కన్‌ఫ్యూజ్ అవ్వొద్దు. లైట్ అంటే ఆల్కహాల్ లేదని కాదు. ఇవి కూడా 12, 13 శాతం దాకా ఉంటాయి. గొంతు మంట పెట్టదు కాబట్టి తెలియకుండా రెండు గ్లాసులు ఎక్కువైపోతాయి. నాకు అయ్యాయి. బండి తాళాలు ముందే ఎవరికైనా ఇచ్చేయండి.

సరే, ఎలా అలవాటైంది? ఓ నెల తర్వాత సారీ చెప్పడానికి వెళ్తే ఆవిడ మళ్లీ పోశారు. ఈసారి నన్ను మాట్లాడనివ్వలేదు. ముందు వాసన చూడమన్నారు. ఎర్రటి పండ్లు, ఏవో పూలు. తాగాక నోట్లో నీరూరింది, ఆ పులుపుకి. ఇంకో విషయం, సీసా చల్లగా ఉంది. రెడ్ వైన్ రూమ్ టెంపరేచర్‌లో తాగాలంటారు కదా, ఆ మాట చలిదేశాల గదుల్ని చూసి పుట్టింది. మే నెలలో హైదరాబాద్ గదిలో పెడితే ఆ సీసా కషాయం అయిపోతుంది, ఆల్కహాల్ ముక్కులోకి కొడుతుంది. ఇలాంటి వైన్‌కి 12 నుంచి 14 డిగ్రీలు చాలు. ఫ్రిజ్‌లో పెట్టి, చల్లబడ్డాక తీయండి.

కొనేటప్పుడు కూడా చూసుకోండి. నవంబర్ మూడో గురువారం రిలీజయ్యే బోజొలే నూవో ఉంటుంది, కోసిన కొన్ని వారాలకే సీసాలోకి ఎక్కుతుంది. సరదాకి బాగుంటుంది, కానీ అదొక్కటే తాగి అన్నీ ఇంతే అనుకోవద్దు. ఫ్లూరీ, మోర్గోన్, బ్రూయీ లాంటి పది పేర్లున్నాయి, అవి మంచివాటి కింద లెక్క. వాటి లేబుల్ మీద బోజొలే అన్న మాట పెద్దగా కనిపించదు. కొంచెం బరువు కావాలంటే మోర్గోన్ దగ్గర మొదలుపెట్టండి.

మన తిండికి ఇది సెట్ అవుతుందా అంటే, నా లెక్కలో బరువు వైన్ కన్నా ఇదే నయం. ఆల్కహాల్, వగరు రెండూ కారం మంటని పెంచుతాయి. కోడి వేపుడు తింటూ 14.5 శాతం వైన్ తాగి చూడండి, తెలుస్తుంది.

హైదరాబాద్ వచ్చాక దాచుకున్న ఒక ఫ్లూరీ సీసా బావ ముందు తీశాను. గ్లాసు దీపానికి అడ్డం పెట్టి చూసి, "ఏరా, ఇది వైనా, రస్నానా?" అన్నాడు.

"ముందు వాసన చూడు బావా," అన్నాను.

చూశాడు. అపోలో ఫిష్ ముక్క ఒకటి నోట్లో వేసుకుని ఇంకో గుక్క తాగాడు. "చేపకి బాగుంది గానీ కిక్ లేదురా," అన్నాడు. పది నిమిషాల తర్వాత చూస్తే సీసాలో అడుగున రెండు వేళ్ల మందం మిగిలింది. అదీ నాకు పొయ్యలేదు.