తెలుగు నిర్మాణం పునాదిగా ఇంగ్లీషు అభ్యాసం: నల్లగొండ, మహబూబ్‌నగర్ ఉన్నత పాఠశాలల నేపథ్యం

వ్యాససంగ్రహం:

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 విద్యాసంవత్సరంలో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు ఇంగ్లీషు మాధ్యమం ప్రవేశించింది. పాఠం ఇంగ్లీషులోకి మారినా, దక్షిణ తెలంగాణ విద్యార్థి ఆలోచన తెలుగు వాక్యంలోనే సాగుతుంది. అతడు రాసే ఇంగ్లీషులోని దోషాల్లో ఎక్కువ భాగానికి తెలుగు వ్యాకరణంలోనే కారణం దొరుకుతుంది. ఆ కారణాన్ని గుర్తించి వ్యాకరణం, పదజాలం, పఠనం అనే మూడింటినీ ఒకే పాఠ్యభాగంలో ఎలా సాధన చేయించవచ్చో ఈ వ్యాసం సోదాహరణంగా వివరిస్తుంది.

కీలకపదాలు: మాతృభాషా ప్రభావం, దోష విశ్లేషణ, విభక్తి, తద్ధర్మం, అన్యదేశ్యాలు, పఠనం, నల్లగొండ, పాలమూరు.

1. ప్రవేశిక:

పూర్వపు నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు నేడు అనేక జిల్లాలుగా విడిపోయినా, భాషాపరంగా ఈ ప్రాంతానికి కొన్ని ఉమ్మడి లక్షణాలున్నాయి. ఇంటి భాష తెలంగాణ మాండలికం. దేవరకొండ పరిసరాల తండాల్లో లంబాడీ, పట్టణాల్లో ఉర్దూ, నారాయణపేట సరిహద్దుల్లో కన్నడం, మరాఠీ వినిపిస్తాయి. పాలమూరు వలస కుటుంబాల పిల్లలకు చదువు మధ్యలో తెగి, మళ్ళీ అతుక్కోవడం కొత్త కాదు. ఇటువంటి తరగతి గదిలో ఇంగ్లీషు ఒక పాఠ్యాంశంగా మాత్రమే ఉన్నప్పుడు, అది రాకపోతే ఒక్క పరీక్ష పోయేది. మాధ్యమమే ఇంగ్లీషు అయినప్పుడు గణితం, విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం కూడా దాని వెంటే పోతాయి. ఒక పుట తెలుగులో, ఎదుటి పుట ఇంగ్లీషులో ఉన్న ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రభుత్వం అందించడానికి నేపథ్యం ఇదే. అయితే ఆ రెండు పుటల మధ్య ప్రయాణం ఎలా చేయాలో విద్యార్థికి నేర్పవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది.

2. దోషం దేనికి సూచన?

రాబర్ట్ లాడో 1957లో, నేర్చుకొనే భాషను మాతృభాషతో పోల్చి చూస్తే కష్టాలను ముందే ఊహించవచ్చని ప్రతిపాదించాడు. ఎస్. పిట్ కార్డర్ 1967లో మరొక అడుగు వేసి, దోషం అజ్ఞానానికి గుర్తు కాదని, అభ్యాసకుడు తన మనసులో నిర్మించుకొంటున్న నియమానికి ఆధారమని వివరించాడు. లారీ సెలింకర్ 1972లో ఈ మధ్యస్థితికి ఒక ప్రత్యేక వ్యవస్థగా గుర్తింపునిచ్చాడు.

దోషం ఒకటే అయినా కారణం వేరు కావచ్చుననడానికి చైనా విద్యార్థులతో పోలిక ఉపకరిస్తుంది. చైనా మాధ్యమిక విద్యార్థి, పాలమూరు విద్యార్థి ఇద్దరూ ఇంగ్లీషు ఆర్టికల్స్‌ను వదిలేస్తారు. ఎందుకంటే ఇద్దరి భాషల్లోనూ అవి లేవు. కాని చీనా భాషలో కర్త, క్రియ, కర్మ అనే క్రమం ఇంగ్లీషును పోలి ఉంటుంది. కాలాన్ని బట్టి, పురుషను బట్టి క్రియ రూపం మారదు. కనుక క్రియకు ప్రత్యయం చేర్చడం అక్కడి విద్యార్థికి కొత్త అలవాటు. తెలుగు విద్యార్థికి క్రియారూపం మారడం పుట్టుకతో తెలిసిన సంగతే, పదక్రమమే అతనికి కొత్త. మాట్లాడే చీనాలో ‘అతడు’, ‘ఆమె’ అనే అర్థాలకు ధ్వని ఒక్కటే కనుక సర్వనామాలు తారుమారవుతాయి. తెలుగులో సర్వనామాలు వేరైనా ‘ఆమె వచ్చింది’, ‘అది వచ్చింది’ అన్నప్పుడు క్రియ ఒక్కటే. ఏకవచనంలో స్త్రీవాచకం అమహత్తుతో కలిసే ఈ తీరును మన వైయాకరణులు ఏనాడో గుర్తించారు. కాబట్టి ఒక దేశపు విద్యార్థుల కోసం రూపొందిన అభ్యాసాలను మరొక చోట యథాతథంగా వాడితే, తెలిసినదానిపై సాధన ఎక్కువై, తెలియనిదానిపై తక్కువవుతుంది.

3. వ్యాకరణం: తెలుగు వాక్యం నుంచి ఇంగ్లీషు వాక్యానికి

3.1 క్రియ లేని వాక్యం: ‘మా నాయన మేస్త్రి’ అనేది తెలుగులో సంపూర్ణ వాక్యం. అందువల్లనే విద్యార్థి ‘మై ఫాదర్ మేసన్’ అని రాస్తాడు. ఇక్కడ రెండు లోపాలున్నాయి. ‘ఈజ్’ అనే క్రియ లేదు, ‘ఎ’ అనే ఆర్టికల్ లేదు. తెలుగులో రెండు నామాలు పక్కపక్కన నిలిస్తే చాలునని, ఇంగ్లీషులో వాటి మధ్య క్రియ తప్పనిసరి అని ఒక్కసారి పోల్చి చూపితే విద్యార్థికి నియమం అర్థమవుతుంది.

3.2 ‘కు’ ప్రత్యయం: సంప్రదాయ వ్యాకరణంలో షష్ఠీ విభక్తిలో చేరిన ‘కు’ తెలుగులో అనేక పనులు చేస్తుంది. ‘బడికి పోయిండు’ అన్నప్పుడు ‘టు’, ‘పది గంటలకు’ అన్నప్పుడు ‘ఎట్’, ‘పండుగకు కొన్నరు’ అన్నప్పుడు ‘ఫర్’ వస్తాయి. ‘నాకు ఇద్దరు అన్నలున్నరు’ అన్నప్పుడు ప్రిపోజిషన్ ఏదీ రాదు. ‘ఐ హ్యావ్’ అని వాక్య నిర్మాణమే మారిపోతుంది. ‘నాకు ఆకలైతుంది’ అన్నా అంతే, అనుభవించే వ్యక్తి ఇంగ్లీషులో కర్త అవుతాడు. ప్రిపోజిషన్ల పట్టికను కంఠస్థం చేయించడం కంటే ఒక్క ‘కు’ ఎన్ని దారులుగా చీలుతుందో చూపడం ప్రయోజనకరం.

3.3 తద్ధర్మం, భవిష్యత్తు: చిన్నయసూరి భవిష్యదర్థం నుంచి తద్ధర్మార్థాన్ని వేరుచేసి చెప్పాడు. నేటి వ్యవహారంలో ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ రెండింటికీ ఒకే రూపం. ఇంగ్లీషులో మొదటిదానికి ‘ఐ కమ్’, రెండవదానికి ‘ఐ విల్ కమ్’. అలాగే ‘ఐదేండ్ల నుంచి ఇక్కడ ఉంటున్నం’ అనే వాక్యమే ‘వుయ్ ఆర్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్’ అవుతుంది. ‘వుయ్ హ్యావ్ బీన్ లివింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్’ అనడానికి కావలసిన భేదం తెలుగు క్రియలో లేదు. కాలాల పేర్లకంటే ముందు విద్యార్థికి ఈ అర్థభేదం తెలియాలి.

3.4 విశేషణ వాక్యాలు, పరోక్ష ప్రశ్నలు: ‘నిన్న వచ్చిన పిల్లగాడు’ అన్నప్పుడు విశేషణం నామానికి ముందుంటుంది. ఇంగ్లీషులో ‘ద బాయ్ హూ కేమ్ యెస్టర్డే’ అని నామం తర్వాత వస్తుంది. ‘ఆయన ఏడున్నడో తెల్వదు’ అనే వాక్యంలో ‘ఓ’ చేరడంతో ప్రశ్న ప్రశ్నగా మిగలదు. ఇంగ్లీషులో ఆ పనిని పదక్రమం చేస్తుంది. అది తెలియకనే ‘ఐ డోంట్ నో వేర్ ఈజ్ హి’ అనే వాక్యం పుడుతుంది. ‘వేర్ హి ఈజ్’ అని మార్చడం తెలుగు ‘ఓ’కారానికి సమానమైన పని అని చెప్పవచ్చు.

లంబాడీ, ఉర్దూ, కన్నడం, మరాఠీ భాషల్లోనూ క్రియ సాధారణంగా వాక్యాంతంలోనే ఉంటుంది, విభక్తి నామానికి తర్వాతనే చేరుతుంది. కనుక పదక్రమానికి సంబంధించిన ఈ తులన ఆ పిల్లలకూ వర్తిస్తుంది. లింగ వ్యవస్థ విషయంలో మాత్రం వారి ఇంటి భాషను విడిగా గమనించాలి.

4. పదజాలం: తెలిసిన మాటలు, మారిన అర్థాలు

పాలమూరు రైతు కుటుంబంలో ‘బోరు’, ‘మోటరు’, ‘స్టార్టరు’, ‘కరెంటు’ ఇంటి మాటలు. వాటిని ఇంగ్లీషు మాటలుగా ఎవరూ భావించరు. విద్యార్థికి ఇంగ్లీషు పదాలు తెలియవనడం సరికాదు. తెలిసిన పదాలకు అర్థపరిధి మారిందని గ్రహించాలి. ‘కరెంటు’ ఇక్కడ విద్యుత్తు మాత్రమే. ఇంగ్లీషులో నీటి ప్రవాహం, ‘వర్తమాన’ అనే అర్థాలు కూడా ఉన్నాయి. ‘హోటల్’ ఇక్కడ తినే చోటు, అక్కడ ప్రధానంగా బస చేసే చోటు. ‘సెటిల్’ అంటే ఇక్కడ జీవితంలో కుదురుకోవడం లేదా తగాదా తీర్చుకోవడం.

పఠనానికి ఎంత పదజాలం కావాలన్న ప్రశ్నపై విస్తృత పరిశోధన జరిగింది. బెంగాల్‌లో పనిచేసిన మైకేల్ వెస్ట్, 1953లో దాదాపు 2,000 పదకుటుంబాలతో ఒక మౌలిక పట్టికను ప్రచురించాడు. పాఠంలోని పదాల్లో 95 శాతం తెలిస్తే సాయంతో చదవవచ్చని, 98 శాతం తెలిస్తే స్వతంత్రంగా చదవవచ్చని తర్వాతి పరిశోధకులు సూచించారు. అంటే యాభై పదాల్లో ఒకటి మాత్రమే కొత్తదై ఉండాలి. ప్రతి పంక్తిలో నాలుగైదు కొత్త మాటలున్న పాఠాన్ని విద్యార్థి చదవడు, అర్థాలు రాసుకొంటాడు. ఈ రెండు పనులూ ఒకటి కావు.

5. పఠనం: అక్షరం నుంచి అర్థానికి

తెలుగులో రాసినదే పలుకుతాం, ఇంగ్లీషులో లిపికి, ఉచ్చారణకు ఆ సంబంధం స్థిరంగా ఉండదు. అందువల్ల చాలామంది విద్యార్థులు ఇంగ్లీషు పంక్తి కింద తెలుగు లిపిలో ఉచ్చారణ రాసుకొంటారు. అది తాత్కాలికంగా ఊతమిస్తుంది. కాని కన్ను తెలుగు పంక్తిపైనే నిలిచిపోతే ఇంగ్లీషు పదరూపం గుర్తుండదు.

రెండవ చిక్కు పదక్రమానిది. తెలుగు వాక్యం చివరి క్రియతో పూర్తవుతుంది కనుక, ఇంగ్లీషు వాక్యాన్ని చివరి నుంచి వెనక్కి అనువదించుకోవడం అలవాటవుతుంది. పద్యం చదివేటప్పుడు విరుపు నేర్పినట్లే, ఇంగ్లీషు వాక్యాన్ని అర్థఖండాలుగా విరిచి, వచ్చిన క్రమంలోనే గ్రహించడం నేర్పాలి. మొదట ‘ఎవరు’, తర్వాత ‘ఏం చేశారు’, ఆపై ‘దేనిని’, చివర ‘ఎక్కడ, ఎప్పుడు’.

6. ఒక నమూనా పాఠం: నల్లగొండ పద్ధతి

నల్లగొండ భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ సమస్య జగద్విదితం. 1970ల్లో నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించిన ఫ్లోరైడ్ తొలగింపు విధానానికి ‘నల్గొండ టెక్నిక్’ అనే పేరే స్థిరపడింది. తూర్పు ఆఫ్రికా దేశాల్లోనూ దానిని ప్రయోగించారు. తమ జిల్లా పేరు ప్రపంచ శాస్త్ర గ్రంథాల్లో ఉందన్న విషయం తొమ్మిదో తరగతి విద్యార్థికి చదవాలన్న ఆసక్తి కలిగిస్తుంది. పాఠాన్ని ఇలా రూపొందించవచ్చు:

“ద గ్రౌండ్ వాటర్ ఇన్ మెనీ విలేజెస్ కంటెయిన్స్ టూ మచ్ ఫ్లోరైడ్. లైమ్ అండ్ బ్లీచింగ్ పౌడర్ ఆర్ యాడెడ్ టు ద వాటర్. దెన్ ఆలమ్ ఈజ్ మిక్స్‌డ్ విత్ ఇట్. ద వాటర్ ఈజ్ స్టర్డ్ స్లోలీ అండ్ లెఫ్ట్ ఫర్ సమ్ టైమ్. ద పార్టికల్స్ విచ్ హోల్డ్ ద ఫ్లోరైడ్ సెటిల్ ఎట్ ద బాటమ్. ద క్లియర్ వాటర్ ఈజ్ టేకెన్ అవుట్.”

మొదటి మెట్టులో ఈ ప్రక్రియను విద్యార్థులు తెలుగులో చెబుతారు. ‘నీళ్ళల్ల సున్నం కలుపుతరు, పటిక వేస్తరు, తేరుకొన్నంక పైనీళ్ళు తీస్తరు’ అన్నప్పుడు ఆ పనులు ఎవరు చేస్తారో చెప్పలేదని గమనింపజేయాలి. కర్త అప్రధానమైనప్పుడు తెలుగు బహువచన క్రియను మాత్రమే వాడుతుంది, ఇంగ్లీషు కర్మణి ప్రయోగాన్ని ఆశ్రయిస్తుంది. పాఠ్యపుస్తకాల్లో ‘రామునిచే రావణుడు చంపబడెను’ వంటి వాక్యాల ద్వారా బోధించే కర్మణి ప్రయోగానికి నిజమైన ఉపయోగం ఇక్కడ తెలుస్తుంది. ‘కలపబడును’ అని కృతకంగా అనువదించవలసిన అవసరం లేదు, ‘కలుపుతరు’ అన్నదే దానికి సహజమైన సమానార్థకం.

రెండవ మెట్టు పదజాలం. ‘లైమ్’ అంటే సున్నం, నిమ్మ కూడా. బత్తాయికి పేరుపొందిన జిల్లాలో ‘స్వీట్ లైమ్’ అనే మాటను జోడిస్తే రెండర్థాలూ గుర్తుంటాయి. ఇక్కడి ‘సెటిల్’ తగాదా తీర్చుకోవడం కాదు, రేణువులు అడుగుకు దిగడం. సందర్భమే అర్థాన్ని నిర్ణయిస్తుందన్న పఠన సూత్రం దీంతో అనుభవానికి వస్తుంది.

మూడవ మెట్టు విరుపుతో చదవడం. ‘ద పార్టికల్స్ / విచ్ హోల్డ్ ద ఫ్లోరైడ్ / సెటిల్ / ఎట్ ద బాటమ్’ అని విరిస్తే, ‘ఫ్లోరైడ్‌ను పట్టుకొన్న రేణువులు’ అనే తెలుగు క్రమానికి, ఇంగ్లీషు క్రమానికి ఉన్న భేదం స్పష్టమవుతుంది. ‘ఆలమ్’ ముందు ‘ద’ ఎందుకు లేదు, ‘వాటర్’ ముందు ఎందుకు ఉంది అన్న ప్రశ్న కూడా ఇక్కడే వేయాలి. మొదటిది అప్పుడే ప్రస్తావనకు వచ్చిన పదార్థం, రెండవది ముందే చెప్పుకొన్న నీరు.

చివరి మెట్టులో పాఠాన్ని మూసి విద్యార్థులు సొంతంగా రాస్తారు. అదే నిర్మాణంతో పోచంపల్లి చిటికి అద్దకం గురించో, నారాయణపేట చీర నేత గురించో మరొక ప్రక్రియను రాయవచ్చు. నియమాన్ని వల్లించడం వేరు, కొత్త విషయానికి దానిని వాడగలగడం వేరు. రెండవదానినే అభ్యాసం అనాలి.

7. పరిమితులు:

దోషాలన్నింటికీ మాతృభాషనే కారణంగా చూపరాదు. ‘గోడ్’ అని భూతకాల రూపాన్ని కల్పించడం ఇంగ్లీషు ఇళ్ళలో పుట్టిన పిల్లల్లోనూ కనిపిస్తుంది, అది నియమాన్ని అతిగా అన్వయించడం. అలాగే తెలుగు వివరణ పెరిగితే ఇంగ్లీషు వినికిడి తగ్గుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. 1979-84 మధ్య ఎన్. ఎస్. ప్రభు నిర్వహించిన బెంగళూరు ప్రయోగం, విద్యార్థి దృష్టి అర్థంపై నిలిచినప్పుడే వ్యాకరణం అలవడుతుందన్న భావనపై ఆధారపడింది. కాబట్టి తులనకు కొన్ని నిమిషాలు చాలు. మిగిలిన సమయం చదవడానికి, రాయడానికి చెందాలి.

8. ముగింపు:

ఇంగ్లీషు మాధ్యమం వచ్చినంత మాత్రాన తెలుగు అధ్యాపకుని పాత్ర తగ్గదు. ‘కు’ ప్రత్యయం చేసే పనులు, తద్ధర్మ రూపం, విశేషణ వాక్య నిర్మాణం అతనికే బాగా తెలుసు. తెలుగు, ఇంగ్లీషు ఉపాధ్యాయులు కలిసి ఒక పాఠాన్ని సిద్ధం చేసుకొంటే విద్యార్థి రెండు భాషలనూ మరింత స్పష్టంగా గ్రహిస్తాడు. నల్లగొండలోని మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, మహబూబ్‌నగర్‌లోని పాలమూరు విశ్వవిద్యాలయాల పరిశోధకులు ఉన్నత పాఠశాల విద్యార్థుల రాతపుస్తకాలను సేకరించి, దోషాలను ఇంటి భాషల వారీగా వర్గీకరిస్తే, ఈ ప్రాంతానికి తగిన అభ్యాస పుస్తకానికి పునాది ఏర్పడుతుంది. ‘మై ఫాదర్ మేసన్’ అని రాసిన విద్యార్థికి భాష రాదని అనుకోవడం సరికాదు. అతడు తనకు తెలిసిన వ్యాకరణాన్ని ఖచ్చితంగా పాటించాడు. రెండవ వ్యాకరణాన్ని అతనికి అందించేటప్పుడు ఆ మొదటిదానిని గౌరవించడమే బోధనకు సరైన ఆరంభం.