భాగ్యనగరంలో మెట్రో రైలు

వినుకొండలో రాత్రి బస్సెక్కిన ప్రయాణికునికి తెల్లవారుజామున వినిపించే మొదటి పెద్ద పేరు ఎల్.బి. నగర్. నాగార్జునసాగర్ మీదుగా వచ్చినా, మిర్యాలగూడ మీదుగా వచ్చినా పల్నాటి వారి నగర ప్రవేశం సాధారణంగా అక్కడే జరుగుతుంది. ఒకప్పుడు అసలు ప్రయాస అక్కడినుంచే మొదలయ్యేది. అమీర్‌పేటలో కంప్యూటరు శిక్షణకు చేరవచ్చిన యువకుడైనా, పంజగుట్టలోని నిమ్స్ ఆసుపత్రికి తల్లిని తీసుకొని వచ్చిన కుమార్తె అయినా, రాత్రంతా బస్సు పరుగెత్తిన దూరం కంటె నగరంలోని ఆ పదహారు కిలోమీటర్లకే ఎక్కువగా జంకేవారు. 2018 సెప్టెంబరు 24న ఎల్.బి. నగర్, అమీర్‌పేటల మధ్య మెట్రో రైలు నడక ప్రారంభమైన తరువాత ఆ జంకు చాలవరకు తీరింది.

మెట్రో అంటే నగరంలో తిరిగే రైలు అని మాత్రమే అనుకుంటే పొరపాటు. హైదరాబాదులో 2003 నుంచే ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు తిరుగుతున్నాయి. అయితే అవి మామూలు రైల్వే పట్టాల మీదనే నడుస్తాయి. దూరప్రాంతపు బండి వస్తే పక్కకు తప్పుకొని దారి ఇవ్వవలసి ఉంటుంది. మెట్రోకు తన పట్టాలు తనకే ఉంటాయి. వేరొక బండి ఆ దారిలోనికి రాదు, గేటు పడదు, ఎద్దుల బండి అడ్డు రాదు. అందువల్లనే కొద్ది నిమిషాలకొక రైలును నడపడం సాధ్యమవుతుంది. 1863లో లండనులో పుట్టిన ఈ పద్ధతి 1984లో కలకత్తాకు, 2002లో ఢిల్లీకి వచ్చింది.

పట్టాల సంగతి వినుకొండ పెద్దలకు బాగా అనుభవమే. గుంటూరు నుంచి గుంతకల్లు పోయే మార్గం 1990వ దశకంలో మార్చేవరకు మీటరు గేజిగా, అంటే పట్టాల మధ్య ఒక మీటరు ఎడంతో ఉండేది. అది బ్రాడ్ గేజిని కలిసిన చోట బండి ముందుకు సాగదు. మూటాముల్లెలతో దిగి మరొక బండి ఎక్కవలసిందే. నేడు వినుకొండ స్టేషనులోని పట్టాల ఎడం 1676 మిల్లీమీటర్లు. హైదరాబాదు మెట్రో పట్టాలది 1435 మిల్లీమీటర్లు. కాబట్టి మన ఊరి రైలు మెట్రో మార్గం మీద ఎన్నటికీ నడవలేదు. ఈ రెంటినీ కలిపేది పట్టాలు కాదు, ప్రయాణికుని పాదాలే. మెట్రోను అర్థం చేసుకోవాలంటే మార్గాల కంటె ముందుగా అవి కలిసే చోట్లను గుర్తుంచుకోవాలని చెప్పడం ఇందుకే.

ఈ నిర్మాణానికి 2010 సెప్టెంబరులో ఎల్ అండ్ టి సంస్థతో ఒప్పందం కుదిరింది. 2017 నవంబరు 28న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ తొలి ముప్పై కిలోమీటర్లను ప్రారంభించారు. 2020 ఫిబ్రవరి నాటికి మొదటి దశలో 69 కిలోమీటర్లు, 57 స్టేషన్లు సిద్ధమయ్యాయి.

మార్గాలు మూడు. ఎల్.బి. నగర్ నుంచి మియాపూర్ దాకా ఎరుపు మార్గం. దానిపై 27 స్టేషన్లు. నాగోలు నుంచి రాయదుర్గం దాకా నీలి మార్గం. సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు, హైటెక్ సిటీకి పోవలసిన వారికి ఇదే దారి. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ దాకా ఆకుపచ్చ మార్గం. గాంధీ ఆసుపత్రి దీని మీదనే ఉంది. ఎరుపు, నీలి మార్గాలు అమీర్‌పేటలోనూ, ఎరుపు, ఆకుపచ్చ మార్గాలు మహాత్మాగాంధీ బస్ స్టేషనులోనూ, నీలి, ఆకుపచ్చ మార్గాలు పరేడ్ గ్రౌండ్ వద్దనూ కలుస్తాయి. ఈ మూడు కూడళ్లూ తెలిస్తే నగరపటం సగం తెలిసినట్లే. ఎల్.బి. నగర్‌లో దిగినవాడు హైటెక్ సిటీకి పోవాలంటే అమీర్‌పేట వరకు ఎరుపు మార్గంలో వెళ్లి, అక్కడ వెలుపలికి రాకుండానే రాయదుర్గం వైపు నీలి రైలు ఎక్కాలి.

రాయదుర్గం వైపు అన్న మాట ముఖ్యమైనది. కొత్తవారు తప్పేది రంగు దగ్గర కాదు, దిశ దగ్గర. ప్రతి ప్లాట్‌ఫారం మీద ఆ దిశలోని చివరి స్టేషను పేరు రాసి ఉంటుంది. తాను దిగవలసిన ఊరి పేరు కోసం కాక ఆ చివరి పేరు కోసం చూడాలి. పొరపాటున ఎదురు దిశలో ఎక్కినా కంగారు పడనవసరం లేదు. తరువాతి స్టేషనులో దిగి అవతలి ప్లాట్‌ఫారానికి చేరవచ్చు. ఇది పల్లెవారికే జరుగుతుందని నవ్వేవారుంటారు గాని, అమీర్‌పేటలో నగరవాసులు సైతం నిలబడి బోర్డులు చదువుకోవడం నిత్యం కనిపించే దృశ్యం.

మొదటి దశ మార్గమంతా రహదారి నడుమ లేచిన స్తంభాల మీదనే సాగుతుంది. సొరంగం తవ్వడం కంటె దీనికి వ్యయం తక్కువ. రైలు కరెంటుతో నడుస్తుంది. బ్రేకు వేసినపుడు దాని మోటార్లే జనరేటర్లుగా మారి కొంత విద్యుత్తును తిరిగి తీగలకు అందిస్తాయి. ఒక రైలు ఆగుతూ ఇచ్చిన శక్తి మరొక రైలు కదలడానికి పనికివస్తుందన్నమాట.

అయితే ఈ నిర్మాణం ఎవరికీ నొప్పి కలిగించకుండా జరిగినది కాదు. సుల్తాన్ బజారు ఇరుకు వీధిలో ఆకుపచ్చ మార్గం వేయడాన్ని అక్కడి వ్యాపారులు చాలాకాలం ప్రతిఘటించారు. అదే మార్గం తొలి ప్రణాళిక ప్రకారం పాతబస్తీ గుండా ఫలక్‌నుమా దాకా పోవలసింది. ప్రార్థనా మందిరాలు, చారిత్రక కట్టడాలు, ఆస్తుల సేకరణ చిక్కులుగా మారి, మూసీ ఒడ్డున మహాత్మాగాంధీ బస్ స్టేషను వద్దనే అది ఆగిపోయింది. చార్మినారు పేరుతో లోకమెరిగిన నగరంలో చార్మినారు ప్రాంతానికే మెట్రో చేరకపోవడం తీరని లోపం. 2024 మార్చి 8న ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగింది. తరువాత ఈ మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా ఏడున్నర కిలోమీటర్లుగా పొడిగించి రెండవ దశలో చేర్చారు.

2024 నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రానికి పంపిన ఆ రెండవ దశ ప్రతిపాదనలో మొత్తం ఐదు మార్గాలు, 76.4 కిలోమీటర్లు ఉన్నాయి. నాగోలు నుంచి శంషాబాదు విమానాశ్రయానికి పోయేది వాటిలో అతి పొడవైనది. పటాన్‌చెరువు, కోకాపేట దిక్కులకు ఒక్కొక్కటి. మిగిలినది ఎల్.బి. నగర్ నుంచి హయత్‌నగర్‌కు ఏడు కిలోమీటర్లు. అది పూర్తయితే విజయవాడ రహదారి వెంబడి వచ్చే బస్సు ప్రయాణికునికి మెట్రో మరికొంత ముందుగానే ఎదురువస్తుంది. వినుకొండ నుంచి మిర్యాలగూడ మీదుగా వచ్చేవారు కూడ ఆ దారినే వస్తారు.