దోమతెర మంచానికేనా?

వానాకాలం నడుమ ఒకనాటి సాయంత్రం ఎల్లారెడ్డి వైపు పల్లె నుంచి ఒక తల్లి ఏడేళ్ల కూతుర్ని తీసుకుని కామారెడ్డిలో నా దగ్గరికి వచ్చింది. పిల్లకు రోజు విడిచి రోజు చలిజ్వరం. రక్తం పరీక్ష చేయిస్తే మలేరియా అని తేలింది. ఆ మాట చెప్పగానే ఆ తల్లికి దిగులు కంటె కోపం ఎక్కువ వచ్చింది.

"గదెట్ల సారూ? మా ఇంట్ల అందరం దోమతెర కట్టుకునే పంటం. ఒక్కనాడు గూడ ఇడిసిపెట్టలె. గీ పొల్లకెట్ల కుట్టింది?"

న్యాయమైన ప్రశ్నే. "ఎన్నింటికి పడుకుంటారమ్మా?" అని అడిగాను.

"తొమ్మిదిన్నర, పది అయితది."

"పొద్దుగూకినప్పటి నుంచి అప్పటిదాకా పిల్ల ఎక్కడుంటుంది?"

"ఏడుంటది, వాకిట్లనే. ఆడుకుంటది, రాసుకుంటది, ఆన్నే బువ్వ తింటది. ఇంట్ల ఉడుకపోస్తది గద సారూ!"

ఆమె అడిగినదానికి జవాబు ఆమే చెప్పేసింది. దీపాలు పెట్టిన వేళ నుంచి పక్క వేసేదాకా మూడు గంటలు. ఆ మూడు గంటలూ దోమతెర ఇంట్లో మంచం మీద ఉంది. పిల్ల వాకిట్లో ఉంది.

దోమలన్నీ ఒకే వేళకు భోజనానికి రావు. డెంగీ తెచ్చే చారల దోమ పగటిది. పొద్దున ఎండెక్కక ముందు, సాయంత్రం పొద్దు వాలేముందు దాని ఆకలి ఎక్కువ. బోదకాలు తెచ్చే క్యూలెక్స్ దోమ అర్ధరాత్రి వేళ జోరుగా కుడుతుంది. మన పల్లెల్లో మలేరియా తెచ్చే అనాఫిలిస్ దోమ పగలంతా పశువుల కొట్టంలో, ఇంటి మూలల్లో నక్కి ఉండి, చీకటి పడగానే బయలుదేరుతుంది. వరిమళ్లలో పెరిగే మరో రకం క్యూలెక్స్ దోమ మెదడువాపు జ్వరాన్ని మోస్తుంది. పందుల నుంచీ కొంగల నుంచీ ఆ విషక్రిమిని తెచ్చి పిల్లలకు ఎక్కిస్తుంది. ఇది మునిచీకటి నుంచే ఆరుబయట కుడుతుంది. మంజీర మీద 1923-31 మధ్య నిజాంసాగర్ కట్టిన తరువాత ఈ ప్రాంతానికి కాలువలూ వరీ వచ్చాయి. అన్నం పెట్టిన నీళ్లే దోమకూ ఉయ్యాల అయ్యాయి. నీళ్లు వద్దనలేం గదా!

మలేరియా మునుపటితో పోలిస్తే బాగా తగ్గిన మాట నిజం. తగ్గింది గనుకనే జనం దాన్ని మరచిపోతున్నారు. దోమతెర అనగానే మనకు మంచానికి కట్టే నాలుగు తాళ్ల తెరే గుర్తుకు వస్తుంది. కాని మనకు కావలసింది మనిషి మేలుకుని కూర్చునేందుకు, తినేందుకు కూడా ఒక తెర.

ఈ ఆలోచన నాకు పుట్టించినవారు కామారెడ్డిలోని ఒక రిటైర్డు మాస్టారు, వారి భార్య. అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలుండి వచ్చారు. అక్కడి వాళ్లు సెలవులకు అడవుల్లో, చెరువుల పక్కన బస చేయడానికి కారు వెనక ఒక మడత ఇల్లు లాక్కుని వెళతారట. పాప్ అప్ క్యాంపర్ అంటారు దాన్ని. తోవలో పెట్టెలా ఉంటుంది. దిగాక కప్పు పైకెత్తి, రెండు వైపులా పడకలు బయటికి లాగితే గుడ్డగోడల గది అవుతుంది. "అది కాదండీ వింత," అన్నారు ఆవిడ, "దాని ముందు వసారాలాగా ఇంకో గది కడతారు. నాలుగు పక్కలా దోమల జాలీయే. తినడం, పేకాట, కబుర్లు అన్నీ అందులోనే. పడుకోవడానికి మాత్రం లోపలికి వెళతారు." దాన్ని స్క్రీన్ రూమ్ అంటారు.

చూశారా, పడకకు రక్షణ ఎలాగూ ఉంది. అయినా సాయంకాలానికి విడిగా మరో తెర ఏర్పాటు చేసుకున్నారు. మనకు మడత ఇల్లు అక్కర్లేదు. ఆ ముందు గది మాత్రం ప్రతి వాకిట్లోనూ, డాబా మీదా పనికివస్తుంది. పెద్ద ఖర్చు కూడా కాదు.

ఎనిమిది అడుగుల నలుచదరం చోటుంటే నలుగురైదుగురు హాయిగా కూర్చుంటారు. నాలుగు మూలలా ఏడడుగుల వెదురు బొంగులు నిలబెట్టండి. డాబా మీదైతే సిమెంటు నింపిన డబ్బాల్లో నాటండి. చుట్టు కొలత ముప్పై రెండు అడుగులు, వాకిలి దగ్గర ఒకదాని మీద ఒకటి పడేందుకు మరో మూడడుగులు; అంటే పదకొండు మీటర్ల జాలీ గుడ్డ. ఎత్తు ఏడున్నర అడుగులుండాలి. బట్ట పన్నా చాలకపోతే రెండు పట్టీలు కలిపి కుట్టించండి. కప్పుకు వేరే జాలీ. కొనేముందు పిల్లల స్కేలు తీసుకువెళ్లి అంగుళం పొడవున ఎన్ని కళ్లున్నాయో లెక్కపెట్టండి. పన్నెండు, పదమూడు ఉంటే మంచిది. దోమతెరకు చదరపు అంగుళానికి 156 కళ్లు అన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. అంతకంటె పెద్ద కళ్లయితే దోమ దూరుతుంది. మరీ సన్నవయితే గాలి ఆడదు, పిల్లలు లోపల కూర్చోరు.

అసలు కీలకం పైన లేదు, కింద ఉంది. మంచం తెరనైతే పరుపు కింద దోపుతాం. ఈ గదికి నేల ఉండదు. అందుకని అంచు నేల మీద అరడుగైనా పరచుకునేలా పొడుగు ఉంచి, ఆ అంచుకు పాత చీర పట్టీ వేసి, గొట్టంలా కుట్టి ఇసుక నింపండి. లేదా ఇటుకలు పేర్చండి. తలుపుకు ఒకే చీలిక పెడితే పిల్లవాడు వచ్చిపోయిన ప్రతిసారీ వాడి వెంట రెండు దోమలు వస్తాయి. రెండు పరదాలు ఒకదాని మీద ఒకటి బారెడు పడేలా వేయండి. అన్నిటికంటె ముఖ్యం, పొద్దుగూకక ముందే కట్టాలి. దోమలు వచ్చాక కడితే వాటిని లోపల పెట్టి కట్టినట్టే.

ఈ మాట ఊరికే అనడం లేదు. దోమ కడుపులో మలేరియా క్రిమి కనిపించింది మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. కనిపెట్టినవాడు రోనాల్డ్ రాస్ అనే డాక్టరు. ఆయన హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి, దోమలను ఆ తెర లోపలికి వదిలి కుట్టించాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున ఇచ్చాడు. చిరిగిన తెరలో పడుకునేవారు హుసేన్ ఖాన్ పని చేస్తున్నారన్నమాట. వారికి అణా కూడా రాదు.

మంచిదేమిటంటే, తెర ఉంది గదా అని దోమల చుట్టను లోపల వెలిగిస్తారు కొందరు. ఒక చుట్ట కాలితే వచ్చే సన్నటి పొగ నుసి 75 నుంచి 137 సిగరెట్ల నుసితో సమానమని 2003లో వెలువడిన ఒక పరిశోధనలో తేలింది. ఉబ్బసం ఉన్న పిల్లలకు ఆ తెర గది పొగగూడు అవుతుంది. "మంచిదేమిటంటే" అన్నది వెటకారానికే సుమండీ! కుంపటి, స్టవ్వు అయితే మరీ ప్రమాదం. జాలీ గుడ్డ నిప్పురవ్వకు కరిగి అంటుకుంటుంది. పైన టార్పాలిన్ కూడా కప్పితే బొగ్గు గాలి లోపల నిలుస్తుంది. ఆ గాలికి రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. వంట బయటనే. తినడం లోపల.

ఏడుపాయల జాతరకు శివరాత్రికి ట్రాక్టరు ట్రాలీల మీద కుటుంబాలతో వెళ్లేవారికి కూడా ఇదే చెబుతాను. ట్రాలీకి టార్పాలిన్ కప్పి పిల్లల్ని పడుకోబెడతారు, బాగానే ఉంది. కాని మంజీర పాయల పక్కన తెల్లవార్లూ జాగారం చేసేది బయట కూర్చునే గదా! ట్రాలీ అంచు నుంచి రెండు బొంగుల మీదికి జాలీ దించితే చాలు, వసారా అవుతుంది. నీటి అంచుకు, పశువులు కట్టేసిన చోటుకు కాస్త దూరంగా, గాలి తగిలే మిట్ట మీద ట్రాలీ ఆపండి. దోమ ఈదురుగాలిలో నిలదొక్కుకోలేదు.

ఇక పసిపిల్లల సంగతి. గొడుగులా విచ్చుకునే చిన్న తెరలు అంగళ్లలో దొరుకుతున్నాయి. పగటి నిద్రకు వాటిని తప్పక వాడండి, డెంగీ దోమ పగటిదని చెప్పాను గదా. అయితే బిడ్డ చేయి జాలీకి ఆనుకుంటే దోమ బయటినుంచే కుడుతుంది. మందు పట్టించిన తెరలయితే ఈ బెడద తక్కువ. వాటిని నీడలోనే ఆరవేయండి, ఎండ తగిలితే మందు చెడిపోతుంది. ఇరవై ఉతుకుల వరకు, సుమారు మూడేళ్లు, పనిచేస్తాయి. రోజూ ఉతికే అలవాటు దీని విషయంలో మానుకోండి.

ఇంత చేసినా జ్వరం వస్తే? రక్తపరీక్ష లేకుండా మాత్రలు మింగవద్దు. డెంగీ కాదని తేలేవరకు పారాసిటమాల్ తప్ప ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ జోలికి పోవద్దు, రక్తస్రావం కావచ్చు. పిల్లకు జ్వరంతో ఫిట్స్ వచ్చినా, పలకరిస్తే పలకకపోయినా అది మెదడువాపు కావచ్చు. ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకువెళ్లండి. తెల్లవారనీ అని ఆగవద్దు.

ఎల్లారెడ్డి పాపకు వచ్చింది వైవాక్స్ రకం. ఈ క్రిమి కాలేయంలో దాక్కుని నెలల తరువాత మళ్లీ లేస్తుంది. అందుకని పద్నాలుగు రోజుల ప్రైమాక్విన్ డాక్టరు చెప్పిన లెక్కన పూర్తిగా వాడాలి. కొందరి ఒంటికి ఈ మందు పడదు, గర్భిణులకూ ఏడాదిలోపు పసివాళ్లకూ ఇవ్వరు. కనుక సొంతంగా కొనవద్దు. మూడోనాటికే జ్వరం పోయింది గదా అని ఆ తల్లి మాత్రలు ఆపబోతే, పిల్లే లెక్కపెట్టి అడిగి మింగిందట.

పదిహేనో రోజున ఇద్దరూ వచ్చారు. వాకిట్లో జాలీ కట్టారట. పాప లోపల కూర్చునే రాసుకుంటోందట. తల్లి మాత్రం ఒక సందేహం తెచ్చింది. "సారూ, లేగదూడ గూడ మాతోనే ఉంటనంటది. లోపట కట్టెయ్యొచ్చా?"

వద్దన్నాను. మలేరియా దోమకు మనిషి కంటె పశువు ఇష్టం. దూడను మీ పక్కన కట్టేస్తే దాని కోసం వచ్చిన దోమ మిమ్మల్నీ చూస్తుంది. ఆవరణకు ఆ చివర కట్టేసి, దానికీ వేరే ఒక పాత తెర కప్పమన్నాను.