4.3 బిట్‌కాయిన్‌పై రాబడి: రెండో పొర నెట్‌వర్క్‌లు

బ్యాంకు డిపాజిట్‌పై వడ్డీ ఎందుకు వస్తుందో మీకు తెలుసు. బ్యాంకు మీ సొమ్మును మరొకరికి అప్పిచ్చి, వసూలైన వడ్డీలో కొంత మీకు ఇస్తుంది. బిట్‌కాయిన్‌లో అటువంటి ఏర్పాటు లేదు. మీ వాలెట్‌లోని ఒక బిట్‌కాయిన్ పదేళ్ల తరవాత కూడా ఒకటిగానే ఉంటుంది. ధర మారవచ్చు, సంఖ్య మాత్రం పెరగదు. కాబట్టి ఎవరైనా బిట్‌కాయిన్‌పై రాబడి వస్తుందని చెబితే, దాన్ని చెల్లించేది ఎవరని ముందుగా అడగాలి.

బిట్‌కాయిన్ మూల గొలుసులో సగటున పది నిమిషాలకు ఒక బ్లాక్ చేరుతుంది. టీ డబ్బులు చెల్లించడానికి అది అనువైన వేగం కాదు. ఈ ఇబ్బందికి పరిష్కారంగా జోసెఫ్ పూన్, థాడియస్ డ్రైజా 2016లో లైట్నింగ్ నెట్‌వర్క్ పత్రాన్ని ప్రకటించారు. ఇందులో ఇద్దరు వ్యక్తులు కొంత బిట్‌కాయిన్‌ను ఉమ్మడిగా బంధించి ఒక చానెల్ తెరుస్తారు. తరవాతి లెక్కలు వారి మధ్యనే జరుగుతాయి. సాధారణంగా చానెల్ తెరవడం, మూయడం మాత్రమే మూల గొలుసుకు ఎక్కుతాయి. రాముకు గీతతోను, గీతకు సలీంతోను చానెల్ ఉంటే, రాము సలీంకు గీత ద్వారా చెల్లించవచ్చు. గీత కొద్దిపాటి రుసుము తీసుకుంటుంది. ఇది వడ్డీ కాదు, దారి ఇచ్చినందుకు కూలి.

ఆ కూలి ఎంతో లెక్క వేద్దాం. ఒక బిట్‌కాయిన్ అంటే 10 కోట్ల సతోషీలు. గీత 10 లక్షల సతోషీలు చానెల్‌లో పెట్టి, పది లక్షలకు 200 చొప్పున రుసుము నిర్ణయించిందనుకోండి. 50,000 సతోషీల చెల్లింపు సాగితే ఆమెకు దక్కేది 10 సతోషీలు. ఏడాదికి ఒక శాతం, అంటే 10,000 సతోషీలు, రావాలంటే 5 కోట్ల సతోషీల చెల్లింపులు ఆమె గుండా వెళ్లాలి. అది పెట్టుబడికి 50 రెట్లు! పైగా చెల్లింపులన్నీ ఒకే దిశలో పోతే ఆ వైపు నిల్వ అయిపోయి దారి మూసుకుపోతుంది. చానెల్ తెరిచే, మూసే ఖర్చులు వేరు.

నష్టభయం కూడా ఉంది. తాళంచెవులు ఎప్పుడూ ఇంటర్నెట్‌కు కలిపిన కంప్యూటర్‌లో ఉండాలి. పాత బ్యాకప్‌ను పొరపాటున తిరిగి వాడి, చెల్లిపోయిన పాత లెక్కను గొలుసుకు పంపితే, చానెల్‌లోని మొత్తం ఎదుటివారికి జరిమానాగా పోవచ్చు.

లిక్విడ్, రూట్‌స్టాక్ వంటివి వేరే పద్ధతి. వీటిని పక్క గొలుసులు అనాలని, రెండో పొర అనకూడదని కొందరి వాదన. మీ బిట్‌కాయిన్‌ను ఒకచోట బంధిస్తే, అదే విలువ గల టోకెన్ ఇస్తారు. దాన్ని అప్పిచ్చి వడ్డీ పొందవచ్చు. బంధించిన అసలు నాణెం మాత్రం కొన్ని సంస్థల బృందం అదుపులో ఉంటుంది. ఇక్కడ రాబడి చెల్లించేది అప్పు తీసుకున్నవాడు. అతని తాకట్టు చాలకపోతే నష్టం మీది.

ఏ పొరా లేకుండా, నేరుగా కంపెనీకి అప్పగించే మార్గమూ ఉంది. అమెరికాకు చెందిన సెల్సియస్ ఇలా నాణేలు తీసుకుని రాబడి ఇచ్చేది. 2022 జూన్‌లో అది ఉపసంహరణలు నిలిపివేసింది, జూలైలో దివాలా రక్షణ కోరింది. తాళంచెవులు ఖాతాదారుల దగ్గర లేవు.

మీ ప్రగతిని తెలుసుకోండి: గీత తన రుసుమును పది లక్షలకు 500కు పెంచితే, ఏడాదికి ఒక శాతం రాబడికి ఎన్ని సతోషీల చెల్లింపులు సాగాలి? రుసుము పెరిగితే రాము మరో దారి వెతుక్కోడా?