తుప్పు ఎక్కడ, మెరుపు ఎక్కడ?

1/35 స్కేల్ టీ-34 ట్యాంక్ కిట్ అతికించారు, రంగూ వేశారు. అయినా బొమ్మలాగే ఉందా? ట్రాక్‌ల నిండా నారింజ తుప్పు పూసేసి ఉంటారు. మొదట్లో నేనూ అదే చేశా!

పనిలో ఉన్న జేసీబీ బకెట్‌ని ఓసారి గమనించండి. మట్టిని గీరే పళ్లు మెరుస్తుంటాయి, తుప్పంతా మూలల్లోనే. ట్యాంకూ అంతే. ట్రాక్‌లకు ముదురు గోధుమరంగు వేసి, ఆరాక సందుల్లో తుప్పురంగు పిగ్మెంట్ పొడి అద్దండి. నేలకు తగిలే అంచులపై 6బీ పెన్సిల్ పొడిని వేలితో రుద్దండి. ఖరీదైన మెటాలిక్ పెయింట్ కంటే నాకిదే నచ్చింది. పొగగొట్టాల దగ్గర మాత్రం తుప్పుకి మొహమాటపడొద్దు, వేడికి అక్కడ రంగు నిలవదు.

అన్నట్టు, మ్యాట్ వార్నిష్ పెన్సిల్ పొడి కంటే ముందే కొట్టేయండి. తర్వాత కొడితే మెరుపు చచ్చిపోతుంది. నా మొదటి ట్యాంక్ అలాగే పాడైంది.