పరదేశపు కోడలు, పల్లెలోని చేను



మొన్నటి సంక్రాంతి పండుగకు నా పూర్వశిష్యుడొకడు భార్యాసమేతుడై మా యింటికి వచ్చెను. పులివెందుల ప్రాంతమందలి యొక మెట్టపల్లెలో పుట్టి, ముప్పది యేండ్ల క్రిందట అమెరికాకు పోయి, అచ్చట ఉద్యోగము సంపాదించుకొని, ఆ దేశపు పౌరసత్వమును పుచ్చుకొని, ఆ దేశపు పిల్లనే పెండ్లాడినవాడు. ఆమెకు మన తెలుగు కొంత పట్టుపడినది. నన్ను ‘అయ్యవారూ’ అనియే పిలుచును. ఇరువురికిని అరువదియేండ్లు సమీపించినవి.

“అయ్యవారూ, కడపటి దినములు అమ్మ దగ్గర గడపవలెనని యున్నది. మా యూరిలో ఐదెకరాల చీనీతోట అమ్మకమునకు వచ్చినది. బేరము తెగినది. రేపు బయానా ఇచ్చుటకు మునుపు మీకొక మాట చెప్పి పోదమని వచ్చితిమి” అని యతడనెను.

“బయానా ఇయ్యకుము నాయనా” అంటిని. అతడు చిన్నబోయెను. పండుగనాడు అట్టి మాట అనవలసి వచ్చినందుకు నాకును కష్టముగానే యుండెను. కాని నేనట్లు తొందరపడి యనుటకు కారణమొకటి కలదు. అది నా తప్పిదమే గనుక దాచక చెప్పుచున్నాను.

ఇరువది యేండ్లకు మునుపు కర్నూలు-కడప కాలువ క్రింది యొక గ్రామమున మూడెకరముల నల్లరేగడి చేను విక్రయమాయెను. కొన్నది అన్న, పైకము తమ్మునిది. తమ్ముడు కువైటులో మోటారు నడుపుచు పంపిన సొమ్మది. “వాడు వచ్చినప్పుడు వాని పేర మార్చుదము” అని అన్న యందరియెదుట చెప్పెను. నేను పత్రమును సరిగా చదువకయే సాక్షిసంతకము చేసితిని. అన్న మంచివాడే. అయితే తమ్ముడు తిరిగి వచ్చుటకు ముందే అతడు కాలము చేసెను. అతని కుమారులు “పట్టా మా నాయన పేర ఉన్నది” అనిరి. తమ్ముడు నాయొద్దకు వచ్చి “అయ్యవారూ, మీరు సాక్షి గదా!” అనెను. నాకు తలయెత్తుటకు ముఖము చెల్లలేదు. ఒకరి సొమ్ముతో మరొకరి పేర కొనిన భూమి నాదియని దావా వేయుటకు 1988 నాటి బేనామీ చట్టమే అడ్డుపడునని న్యాయవాది చెప్పెను. ఆ చట్టమును 2016లో మరింత కఠినము చేసిరి. భార్యపేరనో బిడ్డలపేరనో న్యాయార్జితముతో కొనినదానిని బేనామీగా ఎంచరు; అన్నపేర మాత్రమే కొనిన దానికి ఆ రక్షణ లేదు.

ఇక చట్టమునకు వత్తము. విదేశముననుండువారు ఇచ్చట స్థావరాస్తి కొనుటను నడపునది 1999వ సంవత్సరపు విదేశీ మారకద్రవ్య నిర్వహణ చట్టము. అది 2000 జూను 1వ తేదీనుండి అమలైనది. దాని క్రింద 2019 అక్టోబరులో వెలువడిన నియమములలో ఈ సంగతి వివరముగా నున్నది. మన పల్లెలలో “వాడు మనవాడే గదా, వానికి నిషేధమేమి?” అందురు. చట్టము రక్తమును చూడదు, రెండు సంగతులు చూచును: మనిషి ఏ దేశపు పౌరుడు? ఏ దేశమున నివసించుచున్నాడు? కువైటులోని మన డ్రైవరు భారత పౌరుడే, కాని నివాసము పరదేశము. అతడు ప్రవాస భారతీయుడు. నా శిష్యుడు పరదేశపు పౌరసత్వము పుచ్చుకొనిన దినముననే మన పౌరసత్వమును కోల్పోయెను; మన చట్టము రెండు పౌరసత్వములను ఒప్పదు. ఇట్టివారి కొరకు ఓ.సీ.ఐ. కార్డు అనునది ఏర్పడినది. దానిని 2006 జనవరిలో మన హైదరాబాదున జరిగిన ప్రవాస భారతీయుల సమ్మేళనమున ఆరంభించిరి.

ప్రవాస భారతీయునకును, ఈ కార్డు గలవానికిని నియమమొకటే. ఇల్లు కొనవచ్చును, ఇంటిస్థలము కొనవచ్చును, అంగడి కొనవచ్చును. లెక్కకు పరిమితి లేదు. సాగుభూమి, తోటల ఆస్తి, చేనిలోని విడిదియిల్లు, ఈ మూడును కొనరాదు. చీనీతోట అడంగలులో సాగుభూమియే గదా! “కార్డులో జీవితాంతపు వీసా అని వ్రాసి యున్నదే” అని నా శిష్యుడనెను. దేశమునకు వచ్చి పోవుటకు అది చాలును. చేను కొనుటకు చాలదు. 2021 మార్చి 4వ తేదీ ప్రకటనయందును, ఆస్తి విషయమున కార్డుదారులకు ప్రవాస భారతీయులతో సమానత నొసగుచు, సాగుభూమిని మాత్రము విడిచిపెట్టిరి. నిషేధమును దాటి కొనినచో చిక్కిన మొత్తమునకు మూడురెట్ల వరకు జరిమానా పడవచ్చును, ఆస్తియే పోవచ్చును.

కువైటులోని వారికి మాత్రమొక దారి తెరచియే యున్నది. అతడు పని చాలించి వచ్చి ఇచ్చట స్థిరపడెనేని, భారత పౌరుడును నివాసియు నగును. అప్పుడు స్వంతపేర చేను కొనుటకు ఈ చట్టమున అడ్డు లేదు. కావున అట్టివారు సొమ్మును బ్యాంకులో దాచుకొని, వచ్చిన పిమ్మట కొనుట మేలు. ఈలోపల తండ్రికి ఇచ్చినచో, తండ్రి కొనిన చేను తండ్రిదియే యని తెలిసి ఇయ్యవలెను.

ఇప్పుడు మీరు చెవియొగ్గి వినవలసిన సంగతి. నా శిష్యుని తల్లికి నాలుగెకరముల మెట్టచేను కలదు. “నేను కొనకూడదన్నచో అమ్మయే నాకు దానపత్రము వ్రాసి ఇచ్చును” అని అతడనెను. ఇది మన యూళ్లలో ఎల్లరును చేయు పొరపాటు. సాగుభూమిని కార్డుదారునకు దానముగా నిచ్చుటకును నియమము ఒప్పుకొనదు. అయినను అదే భూమి వారసత్వముచే సంక్రమించినచో తప్పు లేదు. బ్రతికి యుండగా తల్లి ఇచ్చినది దానము. ఆమె తదనంతరము వచ్చినది వారసత్వము. చేను ఒక్కటే, కొడుకు ఒక్కడే, తల్లియు నొక్కతెయే. కాని మొదటిది చెల్లదు, రెండవది చెల్లును. కావున ఆమె చేయదగినది దానపత్రము కాదు, వీలునామా. అట్లు వచ్చిన చేనును అతడు పిమ్మట అమ్మదలచినచో, ఈ దేశమున నివసించువారికే అమ్మవలెను.

ఇక కోడలి సంగతి. ఆమె అంతవరకు మాటాడక వినుచుండి, “ఆయనకు ఏమైన నైతే నన్ను ఈ యింటినుండి పొమ్మందురా, అయ్యవారూ?” అని అడిగెను. భూమి బేరమునకన్న పెద్ద ప్రశ్న అది.

పరదేశస్త్రీ మనవానిని వివాహమాడినంతమాత్రమున మన పౌరురాలు కాదు. భర్త భారత పౌరుడైనచో, ఇచ్చట ఏడేండ్లు నివసించిన మీదట పౌరసత్వమునకు దరఖాస్తు పెట్టుకొనవచ్చును. వివాహము నమోదై రెండేండ్లు ఎడతెగక నిలిచియున్నచో ఓ.సీ.ఐ. కార్డును కోరవచ్చును, కాని పాకిస్తాను, బంగ్లాదేశపు పౌరులకు ఇది వర్తించదు. న్యాయస్థానము వివాహమును రద్దు చేసెనేని అట్టి కార్డు నిలువదు. కార్డు లేని పరదేశపు భార్య సైతము, ప్రవాస భారతీయుడో కార్డుదారుడో యైన భర్తతో కలిసి ఒక్క ఆస్తిని, అదియు సాగుభూమి కాని దానిని, కొనవచ్చును. దానికి కూడ వివాహము నమోదై, కొనుటకు ముందు రెండేండ్లు ఎడతెగక సాగియుండవలెను. పైకము బ్యాంకు ద్వారముననే రావలెను. విదేశపు నోట్లు చేతికిచ్చి బేరము చేయరాదు. మా కోడలికి కార్డు కలదు గనుక ఇల్లు స్వంతపేరనే కొనుటకును హక్కు కలదు.

భర్త గతించిన పిమ్మట వారసత్వము ఏ చట్టము ననుసరించునో, వివాహము ఏ విధమున జరిగినదను దానినిబట్టి తేలును. 1956 హిందూ వారసత్వ చట్టమా, 1925 భారత వారసత్వ చట్టమా యను తర్కము బయలుదేరును. మన దేశమందలి స్థావరాస్తికి మన దేశపు చట్టమే ప్రమాణము. అమెరికాలో వ్రాసికొనిన కాగితము నమ్ముకొని కూర్చుండరాదు. ఇచ్చటి ఆస్తికి ఇచ్చటనే వీలునామా వ్రాసి, ఇద్దరు సాక్షులచే సంతకము చేయించుట క్షేమము. రిజిస్టరు చేయుట విధి కాదు గాని, చేసినచో దాయాదులు కొంత జంకుదురు.

అనుమతి లేని పత్రము ఎంతకాలమునకు తిరుగబడునో బెంగుళూరు వ్యాజ్యమొకటి తెలుపును. పరదేశీయురాలైన వితంతువొకతె 1977లో అచ్చటి తన స్థలములో కొంతభాగమును రిజర్వు బ్యాంకు అనుమతి లేక దానము చేసెను. 1973 నాటి పూర్వచట్టము అట్టి అనుమతిని కోరుచుండెను. వ్యాజ్యము సుప్రీముకోర్టు దాక పోగా, 2021 ఫిబ్రవరి 26న ఆ దానము చెల్లదని తీర్పు వచ్చెను. నలువదినాలుగేండ్లు!

ఇది మన దేశమున మాత్రమే యున్న కట్టడి యనుకొనకుడు. థాయిదేశమున పరదేశీయుడు భూమి కొనరాదు. థాయి భార్య కొనునప్పుడు ఆ ధనము ఆమె స్వంతమేనని భర్తయు కలిసి వ్రాసి ఇయ్యవలెను. ఫిలిప్పీను దీవులలో 1987 రాజ్యాంగమే నిషేధించి, వారసత్వమును మాత్రము మినహాయించినది. ఇంచుమించు మన నియమమే. మెక్సికోలో సముద్రతీరమునకు 50 కిలోమీటరులలోపల, సరిహద్దునకు 100 కిలోమీటరులలోపల పరదేశీయులకు నేరుగా భూస్వామ్యము లేదు. బయటి ధనము వచ్చి పడినచో సేద్యము చేయువానికి సెంటు భూమి దక్కదను భయము అన్ని దేశములకును కలదు. మన మెట్టలో ఆ భయము నిజమేయని నా యభిప్రాయము. అయినను, తల్లి చేనిప్రక్క నాలుగు చెట్లు పెంచుకొనదలచిన వానిని, వందలెకరములు చుట్టబెట్టువానిని ఒక్క త్రాటనే కట్టుట నాకు కొంత మోటుగా తోచును.

పరదేశీయుడు కడపలో ఇల్లు కొనుట క్రొత్త కాదు. 1820లో ఉద్యోగమునకై కడపకు వచ్చిన బ్రౌనుదొర ఇచ్చట బంగళా కొని, అందు పండితులను కూర్చుండబెట్టి, స్వంత ధనముతో తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఆ స్థలమున నేడతని పేర గ్రంథాలయము కలదు. అయితే ఆయన కడపటి దినములు లండనులో గడచినవి. 1884లో అచ్చటనే కాలము చేసెను.

భూమి కొనుటలో మన పూర్వులు ఎంత జాగరూకులో చూడుడు. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు వ్రాసిన మితాక్షరలో, భూమి చేతులు మారుటకు గ్రామము, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు సమ్మతింపవలెననియు, హిరణ్యోదకములు ధారపోయవలెననియు చెప్పబడినది. గ్రామసమ్మతి వ్యవహారము బయలుపడుటకు, పొరుగువారి సమ్మతి హద్దుతగవు రాకుండుటకు నని వ్యాఖ్యాత వివరించెను. నేడు ఆ పని సబ్-రిజిస్ట్రారు కచేరి చేయుచున్నది. ఇల్లు కొనునప్పుడైనను ఈసీ తీసి పాతబాకీలు చూడవలెను. స్థలము డి.కె.టి. పట్టాదో కాదో తహసీలుదారు కచేరిలో విచారింపవలెను. పేదలకు ప్రభుత్వమిచ్చిన ఆ భూముల విక్రయమును 1977 చట్టము కట్టడి చేసినది. అమెరికానుండి జనరల్ పవర్ పంపినచో అచ్చటి మన రాయబార కచేరిలో ధ్రువపరచి, ఇచ్చటికి చేరిన మూడు నెలలలో స్టాంపు వేయింపవలెను. కేవలము జనరల్ పవర్ చేత పుచ్చుకొని “కొన్నాను” అనుకొనువారున్నారు. దానిచే స్వామ్యము రాదని సుప్రీముకోర్టు 2011లోనే చెప్పినది.

చివరకు వారు చీనీతోట మానుకొనిరి. తోట యజమాని నాపై కొంత అలిగెను. అదే యూరిలో నాపరాళ్లు పరచిన పాతయిల్లు, దానితో కూడిన దొడ్డి, బ్యాంకు ద్వారమున పైకము చెల్లించి ఇరువురి పేర రిజిస్టరు చేయించుకొనిరి. దొడ్డిలో రెండు చీనీ మొక్కలు నాటుటకు ఏ చట్టమును అడ్డు రాదని చెప్పగా కోడలు నవ్వెను. తల్లి తన చేనికి వీలునామా వ్రాయించెను. కొడుకు తన యింటి భాగమును భార్యకు చెందునట్లు వేరొకటి వ్రాసెను. రెండింటికిని నన్నే సాక్షిగా నుండుమనిరి. కండ్లజోడు తెప్పించుకొని, మొదటి పుట మొదలు కడపటి పుట దాక చదివి, తల్లి వీలునామాలో సర్వే నంబరొకటి తప్పుపడియుండగా దిద్దించి, సంతకము చేసితిని.