తప్పుల్ని ముందే లెక్క కట్టవచ్చా?

1981 ఏప్రిల్ 10. అమెరికాలోని ఫ్లారిడా తీరంలో ‘కొలంబియా’ అనే స్పేస్ షటిల్ తొలి ప్రయాణానికి సిద్ధంగా ఉంది. లోపల జాన్ యంగ్, రాబర్ట్ క్రిప్పెన్ అనే ఇద్దరు వ్యోమగాములు కూర్చుని ఉన్నారు. ఇక కొద్దిసేపటిలో బయలుదేరాలి. ఇంతలో ప్రయాణం ఆగిపోయింది!

ఇంజను చెడిపోలేదు. ఇంధనం కారిపోలేదు. షటిల్‌లో అయిదు కంప్యూటర్లు ఉండేవి. నాలుగింటిలో ఒకే ప్రోగ్రాం నడుస్తుంది. అత్యవసరానికని ఉంచిన అయిదో దానిలో వేరే ప్రోగ్రాం. ఆ నాలుగింటి కాలానికీ, అయిదోదాని కాలానికీ పొంతన కుదరలేదు. తేడా సెకనులో దాదాపు పాతికో వంతు మాత్రమే! ప్రోగ్రాంలో దాగిన ఒక చిన్న తప్పే దీనికి మూలం. కారణం తెలుసుకున్నాక, ఏప్రిల్ 12న కొలంబియా ఆకాశంలోకి ఎగిరింది.

ఎన్నో పరీక్షల్ని దాటుకుని ఆ తప్పు చివరిదాకా వచ్చింది. అలాంటప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. కంటికి కనిపించని తప్పులు ఇంకా ఎన్ని మిగిలి ఉంటాయో ముందే అంచనా వేయగలమా? వేయగలం. ఎలాగో చూద్దాం.

ప్రోగ్రాం అంటే కంప్యూటర్‌కి మనం వరుసగా రాసి ఇచ్చే ఆదేశాలు. మనుషులు రాసేవే కనుక తప్పులు దొర్లుతాయి. అందుకే రాసినదాన్ని రెండు జల్లెడల్లో పోసి జల్లిస్తారు. మొదటి జల్లెడ సమీక్ష. తోటివారు కూర్చుని ఒక్కొక్క వరుసే జాగ్రత్తగా చదువుతారు. ఐ.బి.ఎం. ఇంజనీరు మైకేల్ ఫేగన్ 1976లో ఈ పద్ధతిని ఒక వ్యాసంలో వివరించాడు. రెండో జల్లెడ పరీక్ష. అంటే ప్రోగ్రాంని కంప్యూటర్‌లో నడిపి చూడటం.

ఇప్పుడు కాగితం, పెన్సిలు తీసుకోండి. ఈ అంకెలు లెక్క కోసం మనం అనుకున్నవి.

వెయ్యి వరుసల ప్రోగ్రాంలో 40 తప్పులు ఉంటాయని పాత రికార్డులు చెబుతున్నాయి. సమీక్షలో నూటికి 60 దొరుకుతాయి. అంటే 24 పోయి 16 మిగులుతాయి. పరీక్షలో వీటిలో నూటికి 75 దొరుకుతాయి. 12 పోయి 4 మిగులుతాయి. ఆ నాలుగూ వాడేవారి నెత్తిన పడతాయి.

వీటిని 2కి తగ్గించాలి. ఏ జల్లెడని బాగుచేయాలి? నలుగురు కూర్చుని గంటకి 200 వరుసల చొప్పున కాక, 100 చొప్పున నిదానంగా చదివితే సమీక్షలో నూటికి 80 దొరుకుతాయనుకుందాం. అప్పుడు 32 అక్కడే పోతాయి. మిగిలిన 8లో పరీక్ష 6 పట్టుకుంటుంది. మిగిలేవి 2. లేదా సమీక్షని అలాగే ఉంచి, పరీక్షని గట్టిచేసి 16లో 14 పట్టించినా మిగిలేవి రెండే!

మరి ఏది మేలు? సమీక్షలో దొరికిన తప్పుని సరిదిద్దడానికి 1 గంట, పరీక్షలో దొరికినదానికి 10 గంటలు పడుతుందనుకోండి. మొదటి దారిలో 32, 60 కలిసి 92 గంటలు. నిదానంగా చదివినందుకు నలుగురికీ కలిపి మరో 20 గంటలు. మొత్తం 112. రెండో దారిలో 24, 140 కలిసి 164 గంటలు. దారి తేలిపోయింది కదా!

ఇలా పాత రికార్డుల ఆధారంగా, పనిలో ఏది మార్చితే ఫలితం ఎంత మారుతుందో ముందే చెప్పే లెక్కనే ‘పనితీరు నమూనా’ అంటారు. అయితే ఇది జోస్యం కాదు. 12 అన్నచోట 10 రావచ్చు, 14 రావచ్చు. కాని 3 మాత్రమే దొరికితే? సంతోషించకండి! సమీక్ష చాలా బాగా జరిగిందా, లేక పరీక్షే సరిగా జరగలేదా? అది తేల్చుకోవాలి. నమూనా అసలు ఉపయోగం ఇదే. ఎక్కడ ఆగి చూడాలో చెబుతుంది.

నమూనాకి ప్రాణం నిజమైన రికార్డు. తప్పు చేసినవారిని శిక్షిస్తే అందరూ తప్పుల్ని దాచేస్తారు. అప్పుడు లెక్కలన్నీ తారుమారే. హ్యూస్టన్‌లో షటిల్ ప్రోగ్రాం రాసిన బృందం ఈ సంగతి గ్రహించింది. ఒక తప్పు దొరికితే “ఎవరు చేశారు?” అని కాక, “ఇది ఎలా వచ్చింది? ఇన్ని జల్లెడల్ని ఎలా దాటింది?” అని అడిగేవారు. తప్పుతో పాటు, దానికి దారి ఇచ్చిన పద్ధతిని కూడా సరిదిద్దేవారు. 1990ల నడుమ వెలువడిన మూడు ప్రోగ్రాంలలో, ఒక్కొక్కటి 4 లక్షల 20 వేల వరుసలున్నా, దొరికినది ఒక్కొక్క తప్పే! షటిల్ ప్రయాణాలు 2011లో ముగిశాయి. ఆ పద్ధతి మాత్రం నిలిచింది. హైదరాబాదుతో సహా మన దేశంలోని ఎన్నో సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఇలాంటి లెక్కలు వేస్తున్నాయి.

మీరూ ప్రయత్నించండి. లెక్కల పరీక్షల్లో చేసిన తప్పుల్ని ఒక నోటుపుస్తకంలో రాయండి. ప్రశ్న సరిగా చదవకపోవడం, అంకె తప్పుగా ఎక్కించడం, కూడికలో పొరపాటు అని విడదీయండి. పది పరీక్షలయ్యాక, పదకొండో దానిలో ఏ తప్పులు ఎన్ని వస్తాయో ముందే రాసి పెట్టుకోండి. మీ అంచనా నిజమైతే, ఏ జల్లెడని బాగుచేయాలో మీకు తెలిసినట్టే!